బిళ్ళకు పూసిన నూనె

మార్చి 4, మంగళవారం

ఈ పుస్తకంలో ముందు పేజీలు షెడ్డు లెక్కలవి. సిలిండర్లు, పొడి, కరెంటు రీడింగు. రోజూ రాస్తాను. వెనక పేజీలు ఎప్పుడూ ఖాళీగానే మిగిలిపోతాయి. ఈరోజు వెనక నుంచి మొదలుపెడుతున్నాను. అరుద్దామంటే షెడ్డులో ఎవరూ లేరు. తమ్ముడు పరమేష్ బేతంచెర్ల పోయాడు, అమ్మను చూసి రేపు వస్తాడు.

హైదరాబాదు ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. నేను పంపిన నాలుగు టంగ్‌స్టన్ బిళ్ళల సాంద్రత తొంభై అట. నేను తూచి రాసి పంపింది తొంభై ఏడు. లోపల గుల్ల అనేదే లేకుండా నిండుగా ఉంటే నూరు. తొంభై ఐదు దాటితేనే మంట పరీక్షకు, అంటే పెద్ద మంటకు ఎదురుపెట్టి పగులుతుందా నిలుస్తుందా చూడడానికి, తీసుకుంటారు. ఆ పరీక్షలో నిలిస్తే బిళ్ళలన్నీ నా దగ్గరే చేయిస్తామన్నారు. లేకపోతే ఈ షెడ్డు ఎందుకు, మూతపడిన కార్ఖానా నుంచి పొడిని నొక్కి బిళ్ళ చేసే ఈ పాత ప్రెస్సు మోసుకురావడం ఎందుకు, హైదరాబాదులో ఫర్నేసు ఆపరేటరుగా ఉన్నవాణ్ణి పని మానుకొని కర్నూలు రావడం ఎందుకు?

ల్యాబు ఇంజనీరు సుప్రజ గారికి ఫోను చేశాను. ఆమెది బద్వేలు. మన వైపు మనిషని ఇన్నాళ్లూ సంతోషించాను.

"మీ త్రాసు ఒకసారి చూసుకోండి మేడం" అన్నాను.

"చూసుకున్నాం లక్ష్మన్న గారూ. మళ్ళీ మళ్ళీ తూచాం. మీరు బిళ్ళలకేమన్నా పూశారా?"

"పూయడమేంది?"

"డబ్బా విప్పగానే గదంతా కొబ్బరినూనె వాసన. మా వాళ్లు నవ్వుకున్నారు, కర్నూలు నుంచి బిళ్ళలు తలంటు పోసుకొని వచ్చినాయని. పైన స్పిరిట్‌తో తుడిచి తూచాం."

ఫోను పెట్టేశాను. ఎవరు పూశారో నాకు తెలుసు.

మార్చి 5, బుధవారం

వాడు పది గంటలకు వచ్చాడు. చేతిలో అమ్మ ఇచ్చిన చెనిక్కాయల సంచి. సంచి కింద పెట్టనివ్వలేదు.

"బిళ్ళలకు నూనె పూసినావా?"

"ఆ, పూసినా."

అంత తేలిగ్గా అన్నాడు. దాచిపెడితే కొంచెమైనా బాగుండేదేమో.

"ఎవురు పూయమన్నారు నిన్ను?"

"ఎవురు చెప్పల్ల అన్నా? పాలీషు అయినంక నూనె పట్టియ్యల్ల గదా. లేకుంటే తెల్లగా, బూడిద మాదిరి ఉంటాది. డబ్బాలో పెట్టబోతా చూస్తే మసక్కొట్టినట్టు ఉన్న్యాయి. నీ పేరు రాసి పంపిస్తాండాం, అట్ల పోతే ఏం బాగుంటాది?"

పరమేష్ ఇరవై ఏళ్లు బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీలో పాలీషు పట్టాడు. అక్కడ నాపరాయి గానీ, కడప నల్లరాయి గానీ, చివర్న నూనె గుడ్డతో రుద్దితేనే రంగు తేలుతుంది, కొనేవాడు చెయ్యి పెడతాడు. ఫ్యాక్టరీ మూతపడితే నేనే పిలిపించుకున్నాను. ప్రెస్సు నుంచి వచ్చిన బిళ్ళను వజ్రపు చక్రం మీద అరగదీయడం వాడి పని. నేను తూచి, రాసుకొని ఇచ్చాక డబ్బాలో సర్దడం వాడి పని. ఆ రెంటి మధ్య నూనె ఎక్కడా లేదు.

"ఇది ఇంటి ముందర పరిచే బండ అనుకుంటివా? రెండేండ్ల కష్టం. ఒక గుడ్డపేలికతో నాశనం చేస్తివి గదరా!"

"నూనెతో నాశనమేంది అన్నా? తుడుచుకుంటే పోతాది."

అప్పుడు నా నోటికి ఏది వస్తే అది అన్నాను. బండలు రుద్ది రుద్ది నీ తలకాయ కూడా బండయిందన్నాను. నీకు తిండి పెట్టడానికి పిలిచాను గానీ పని కోసం కాదన్నాను. ఇది రాయకూడదు, కానీ అన్నాను.

వాడు సంచిని బల్ల మీద పెట్టాడు. తన నూనె గుడ్డ గోడ మేకుకు వేలాడుతోంది, దాన్ని చూశాడు, తీసుకోలేదు. "అమ్మ నీకని ఇచ్చింది, ఒలుచుకొని తిను" అని వెళ్లిపోయాడు.

తినలేదు.

మార్చి 6

కరెంటు రోజంతా ఉంది. ప్రెస్సు నడపలేదు.

మార్చి 7, శుక్రవారం

నా లెక్కలో తప్పు లేదు. ఒకసారి మొత్తం రాసుకుంటే నాకే తేటపడుతుంది.

టంగ్‌స్టన్ పొడిని అచ్చులో పోసి, వేడి చేస్తూ నొక్కితే రేణువులు ఒకదానికొకటి అతుక్కొని బిళ్ళ అవుతుంది. వేడి చాలకపోతే గుల్ల మిగులుతుంది. ఎక్కువైతే గుల్ల పోతుంది గానీ రేణువులు పక్కవాటిని మింగి పెద్దవవుతాయి. పెద్ద రేణువుల బిళ్ళ మంట తగలగానే పగులుతుంది. అందుకని పొడిలో యిట్రియా కలుపుతాను. అది వేడికి కరగని ఆక్సైడు. రేణువుల మధ్య కూర్చొని వాటిని పెరగనివ్వదు. దాన్ని పొడిగా కలిపితే ఉండలు కడుతుంది. నేను నీళ్లలో కరిగే ఉప్పు రూపంలో కలిపి, ఆరబెట్టి, హైడ్రోజన్‌లో కాల్చి పొడి చేస్తాను. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. చదివి, చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకున్నాను.

ఈ సంగతి ఒకరోజు పరమేష్‌కు చెబితే నవ్వాడు. "ఓహో, ఒకర్నొకరు మింగకుండా అన్నదమ్ముల మధ్యలో గోడ కట్టినట్ల" అన్నాడు. ఆరోజు నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

జనవరిలో ఇంకో అడుగు వేశాను. వేడిని పదిహేడు వందల డిగ్రీల నుంచి పదిహేను వందల యాభైకి దించాను. రేణువులు ఇంకా సన్నగా వచ్చాయి. సాంద్రత తగ్గుతుందని భయపడ్డాను. తగ్గలేదు. తొంభై ఏడు. అంత తక్కువ వేడితో అంత నిండుగా ఎవరికి వచ్చింది? ఆరోజు శివలీలకు మల్లెపూలు తీసుకెళ్లాను. "ఏమి విశేషం" అని అడిగితే, నా భార్యకు కూడా ఏమీ చెప్పలేదు. నేను చెప్పుకొనే మనిషిని కాదు.

ఆ పనికి ఇప్పుడు తొంభై అని ముద్ర. నూనె వల్ల.

సుప్రజ గారికి మెయిలు పెట్టాను. 'మా హెల్పరు పొరపాటున బిళ్ళలకు నూనె పూశాడు. అందువల్ల మీ తూకం తప్పుగా వచ్చింది. అతన్ని పనిలోంచి తీసేశాను. మళ్ళీ అవకాశం ఇవ్వండి.'

మార్చి 8, శనివారం

అమ్మ ఫోను చేసింది. అమ్మ పేరు సుంకులమ్మ. కొడుకులకు కోపం అమ్మ నుంచే వచ్చిందని ఊరంతా అంటారు.

"ఏమప్పా పెద్దోడా, తమ్మున్ని తరిమేస్తివంట?"

"వాడు చెప్పినాడా?"

"వాడేం చెప్పల్యా. వాకిట్లో కూచోని చెప్పుల మన్ను దులుపుతాండాడు పొద్దుటాలనుంచి. చెప్పకపోతే నాకు తెలీదా?"

"వాడు శానా పెద్ద తప్పు చేసినాడు."

"ఏం చేసినాడు?"

"నూనె పూసినాడు."

"నూనె పూసినందుకు తరిమేస్తే, మీ ఇద్దరికీ ఒంటినిండా పూసి పెంచినాను, నన్నేం చెయ్యల్లప్పా?"

పెట్టేసింది. నేనే ముందు పెట్టేయాల్సింది.

మార్చి 10, సోమవారం

సుప్రజ గారి జవాబు వచ్చింది. మంచి జవాబు. నూనె సంగతి అర్థమైందన్నారు. అప్పుడు చేసినవాటిలో నా దగ్గర మిగిలిన బిళ్ళ ఒకటి, నూనె తగలనిది, ఇరవయ్యో తేదీలోగా పంపమన్నారు. నేను తూచే పద్ధతిలోనే, ముందు గాలిలో, తర్వాత నీళ్లలో ముంచి, వాళ్లూ తూస్తారట. తొంభై ఐదు దాటితే నేరుగా మంట పరీక్షకే.

మొత్తం ఆరు చేశాను. నాలుగు పంపగా రెండు ఉన్నాయి. ఒకదానికి నేనే నూనె పూసి తూచి చూద్దామనుకున్నాను. వాడు చేసిన పాడు ఎంతో కాగితం మీద ఉంటుంది, రేపు అమ్మ అడిగినా చూపించవచ్చు. మేకుకున్న గుడ్డ ముట్టుకోబుద్ధి కాలేదు. ఇంకో గుడ్డ తీసుకున్నాను. పూశాను. కొంతసేపు ఉంచి, శుభ్రంగా తుడిచి, తూచాను.

తొంభై.

నేను చెప్పలేదా? నూనె పూయక ముందు తొంభై ఏడు, పూసినాక తొంభై. అదే బిళ్ళ, అదే త్రాసు, అదే చెయ్యి. నూనెదే తప్పు. పరమేష్‌దే తప్పు. ఈ పొద్దు నిమ్మళంగా అన్నం తిన్నాను.

మార్చి 11

ఒక సంగతి. నూనె పూసి తుడిచాక బిళ్ళ గాలిలో నూరు మిల్లీగ్రాములు ఎక్కువ తూగింది. రెండు మూడు చుక్కల నూనె అంత. సరిగా తుడవలేదేమో. మళ్ళీ తుడిచాను. స్పిరిట్‌తో తుడిచాను. అంతే ఉంది.

త్రాసు బల్ల వాలిందేమో.

మార్చి 12

బల్ల వాలలేదు. తూకపురాళ్లతో చూశాను. త్రాసు సరిగానే ఉంది.

మార్చి 13, గురువారం

పాత బేరింగులోంచి ఒక ఉక్కు గుండు తీశాను. తూచాను. నూనె పూశాను. తుడిచి మళ్ళీ తూచాను. తేడా లేదు.

ఈరోజుకు ఇంతే రాస్తాను.

మార్చి 14, శుక్రవారం

నూనె తగలని రెండో బిళ్ళను నీళ్లలో తూచడానికి వేశాను. దాని మీద సన్నటి బుడగలు. ఎప్పుడూ వస్తాయి. పైకి అంటుకున్న గాలి అది. అవి పోయేదాకా ఆగి అప్పుడు తూచమని హైదరాబాదులో మా సూపర్‌వైజరు చెప్పేవాడు. ఎప్పుడూ ఆగుతాను. నాకు ఓపిక ఎక్కువ. ఆ ఓపికకు నాకు గర్వం కూడా.

ఈరోజు ఊరికే ఆగకుండా దగ్గర కూర్చొని చూశాను. పైకి అంటుకున్న గాలైతే ఒక్కసారి విదిలిస్తే పోవాలి. విదిలించాను, పోయాయి. మళ్ళీ వచ్చాయి. ఒకే చోటినుంచి వచ్చాయి.

శివలీల క్యారియరు తెచ్చింది. నా భుజం మీదుగా గిన్నెలోకి చూసి, "ఏంది ఇది, కొత్త కుండను నీళ్లలో ముంచినట్ల బుడగలొస్తాండాయి?" అంది.

"కుండా? కుండ అంటావా దీన్ని? పదిహేను వందల డిగ్రీల్లో చేసింది!"

"నేనేమంటి? చూసింది చెప్తి. నా మింద ఎందుకు ఎగురుతావు?"

"నీకు తెలీని దాంట్లో మాట్లాడద్దు."

"సరే, గమ్మునుంటా. తమ్మునికీ అదే చెప్తివి, ఆయప్పా గమ్మునున్నాడు. నాకూ చెప్తివి. ఇంక ఆ గిన్నెకు కూడా చెప్పు, అదొక్కటే మాట్లాడతాండాది."

క్యారియరు పెట్టి వెళ్లిపోయింది. మూత తీస్తే కొర్రన్నం, గోంగూర. చల్లారిపోయేదాకా తినలేదు.

గిన్నెను గోడకేసి కొట్టాను. బిళ్ళ కింద పడింది. దానికేమీ కాలేదు. నేలమీద నీళ్లు తుడిచింది నేనే.

మార్చి 15, శనివారం

రాయకుండా ఉంటే నిద్ర పట్టడం లేదు.

బిళ్ళ గుల్లది. గుల్ల లోపలికి దారి ఉంది. నీళ్లలో వేసి ఓపికగా ఆగినప్పుడల్లా నీళ్లు ఆ దారిలో లోపలికి పోయాయి. గుల్ల లెక్కలోకి రాలేదు. మిగిలిన లోహం తూకమే నాకు తొంభై ఏడు చూపించింది. నూనె ముందే పోయి ఆ దారిలో కూర్చుంటే నీళ్లు పోలేదు. అప్పుడు వచ్చిన తొంభై నిజం. నూనె బిళ్ళను చెడగొట్టలేదు. చెడింది ప్రెస్సులోనే. వేడి తగ్గించినరోజే. మల్లెపూలు కొన్నరోజే.

వేడి తగ్గాలి, రేణువు సన్నగా ఉండాలి, గుల్ల ఉండకూడదు. మూడూ ఒకేసారి ఎలా వచ్చాయని ఒక్కరోజు కూడా నన్ను నేను అడగలేదు. ఇంకొకరి బిళ్ళకు అట్ల వస్తే వందసార్లు అడిగేవాణ్ణి.

పరమేష్ ఇదంతా తెలిసి పూయలేదు. వాడికేం తెలుసు? వాడు మెరుపు కోసం పూశాడు. అందుకే ఇంకా కోపంగా ఉంది. తెలిసి చేసినవాడైతే ఎదురు నిలబడి పోట్లాడవచ్చు.

మార్చి 16, ఆదివారం

ల్యాబు వాళ్లూ నా పద్ధతిలోనే తూస్తామన్నారు. నూనె తగలని బిళ్ళ పంపితే వాళ్లకూ తొంభై ఏడే వస్తుంది. మంట పరీక్షకు పోతుంది. అక్కడ పగలవచ్చు. పగిలితే మంటకు పగిలిందంటారు. పగలకపోనూవచ్చు. ఆలోగా వేడి పెంచి మంచి బిళ్ళలు చేసి పెట్టుకోవచ్చు. ఎవరికీ అన్యాయం జరగదు.

ఎవరికీ అని రాశాను. బేతంచెర్లలో ఒకడున్నాడు.

మార్చి 17, సోమవారం

నూనె తగలని బిళ్ళను డబ్బాలో పెట్టి, దూది సర్ది, అడ్రసు రాసి, కొరియరు ఆఫీసుకు పోయాను. లోపల నలుగురు ఉన్నారు. ఫ్యాను తిరగడం లేదు. అక్కడి మనిషి ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఇటువంటి చోట ఎవడు నిలబడతాడని తిరిగి వచ్చేశాను.

కొరియరు వాళ్లకు బొత్తిగా మర్యాద లేదు.

మార్చి 18, మంగళవారం

బేతంచెర్ల పోయాను. బస్సు దిగేసరికే బండల దుమ్ము నోట్లోకి వచ్చింది. పరమేష్ రోడ్డు పక్క చిన్న రేకుల షెడ్డులో ఎవరిదో వంటగట్టు బండకు పాలీషు పడుతున్నాడు. నన్ను చూసి మిషను ఆపలేదు. నీళ్లు చల్లుతూ, రుద్దుతూ ఉన్నాడు. చాలాసేపు అట్లే నిలబడ్డాను. చివరికి ఆపాడు.

"ఏమన్నా, యాడికో పోతాండావా?"

"ఈడికే వచ్చినా."

"అమ్మ ఇంట్లోనే ఉండాది."

"నీ కోసమే వచ్చినా. ఆ నూనె ఏంటికి పూసినావు?"

"మళ్ళీ మొదటికొచ్చినావా! మెరుస్తాదని పూసినానన్నా. ఎన్నిసార్లు చెప్పల్ల? తప్పే. ఒప్పుకుంటి గదా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. తప్పు కాదు అని చెప్పడానికే పోయాను. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"ల్యాబు వాళ్లకు మెయిలు పెట్టినా. నూనె పొరపాటు అని."

"నా పేరు చెప్పినావా?"

"లేదు. హెల్పరు అని రాసినా."

వాడు నవ్వబోయాడు. మధ్యలో ఆగిపోయాడు. గుడ్డ తీసుకొని బండను తుడవడం మొదలుపెట్టాడు.

"హెల్పరు" అన్నాడు. "సరేలే. తమ్ముడు అని రాసింటే నీకు నామర్దా."

"అది కాదురా..."

"హెల్పర్ని తీసేయొచ్చు. తమ్మున్నయితే అట్ల తీసేయలేవు గదా. మంచి పనే చేసినావు. అమ్మ సంగటి చేసింటాది, తినిపో."

మిషను మళ్ళీ వేశాడు. ఆ శబ్దంలో ఇంక ఏం మాట్లాడినా వినపడదు. అందుకే వేశాడు. అమ్మ ఇంటికి పోకుండానే బస్సెక్కాను. దారి పొడుగునా వాడిమీద కోపం. చెప్పనిచ్చాడా? నేను చెప్పేలోగానే మిషను వేశాడు.

మిషను వేయకముందు చాలాసేపు ఆపే ఉంచాడు. ఇది కూడా రాయాలి.

మార్చి 19, బుధవారం

పొద్దున షెడ్డు తెరిచి, డబ్బా విప్పి, బిళ్ళ బయటికి తీశాను. మేకుకున్న పరమేష్ గుడ్డ తీసుకున్నాను. ఇంకా నూనె ఆరలేదు. పూశాను. వాడిలాగే, గుండ్రంగా, అంచుల దాకా. ఆగాను. నూనె మెల్లగా ఇంకింది. ఇంకా పూశాను. ఇక తాగనన్నాక తుడిచి డబ్బాలో పెట్టాను.

కొరియరు ఆఫీసులో ఫ్యాను ఈరోజూ తిరగడం లేదు. నిలబడ్డాను.

సుప్రజ గారికి రాసిన మెయిలు ఇక్కడ కూడా రాసుకుంటున్నాను:

'మేడం, ఈ బిళ్ళకు నూనె నేనే పూశాను. పైన తుడిచి అట్లే తూచండి. తొంభై వస్తుంది. మొదటి నాలుగూ అంతే. మీ త్రాసు తప్పు కాదు, నూనె తప్పు కాదు. నేను బిళ్ళను నీళ్లలో ఎక్కువసేపు ఉంచి తూచడం వల్ల గుల్ల లెక్కలోకి రాలేదు. సన్నటి రేణువు కోసం వేడి మరీ తగ్గించాను. బిళ్ళ నిండలేదు. ఇంతకుముందు హెల్పరు అని రాశాను. నాకు హెల్పరు లేడు. మొదట నూనె పూసింది మా తమ్ముడు పరమేష్. అతన్ని పనిలోంచి తీసేశానని రాసింది కూడా తప్పే.'

పంపేశాను. ఎవరిమీదో తెలియదు గానీ కోపం తగ్గలేదు.

మార్చి 22, శనివారం

సుప్రజ గారు ఫోను చేశారు.

"తొంభై వచ్చింది లక్ష్మన్న గారూ. ఈసారి మంట పరీక్షకు తీసుకోలేం."

"తెలుసు మేడం."

"నీళ్లలో తూచే పద్ధతి మేమూ మార్చుకున్నాం. మీ మెయిలు మా సార్ రెండుసార్లు చదివారు. వేడి పెంచి చేస్తే పంపండి, చూస్తాం. మాట ఇవ్వలేను."

"మాట అడగడం లేదు."

కోపంగానే అన్నాను. ఆమెకు కోపం రాలేదు.

తర్వాత పరమేష్‌కు ఫోను చేశాను. ఈసారి వాడు మిషను వేయకముందే చెప్పేయాలని, ఎత్తగానే, పలకరింపు కూడా లేకుండా, మెయిలు మొత్తం చదివాను. నీళ్లు, గుల్ల, వేడి, హెల్పరు, తమ్ముడు, అన్నీ. చదవడం అయిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"నాకేం అర్థం కాల్యా అన్నా. గుల్ల గిల్ల నీ తంటా. ఒకటి చెప్పు. నా గుడ్డతోనే పూసినావా?"

"ఆ."

"అంచులకు?"

"పూసినా."

"మరి మెరిసిందా?"

రెండేళ్ల పని పోయిందని చెబితే వీడు అడిగేది ఇది. ఫోను విసిరికొట్టాలనిపించింది.

"మెరిసింది" అన్నాను.

"సోమవారం వస్తా. గుడ్డ ఉతకద్దు."